రంగములో పది దినములు

పరదేశము పోయి వచ్చినవానికి ఒక హక్కు కలదు. ఆ దేశము చూడనివారి యెదుట ఎంతసేపైనను మాట్లాడవచ్చును. కాదనుటకు వారికి ఆధారముండదు. అయితే రేడియోవారు మా హక్కును పావుగంటకు కుదించినారు. కనుక చూచినవన్నియు చెప్పలేము. మేము చూచిన గోపురముల ఎత్తులు, నదుల పొడవులు పుస్తకములలో దొరుకును. పుస్తకములలో దొరకని చిన్న సంగతులు కొన్ని మాత్రము మనవి చేస్తాము.

మేము పోయినది బర్మా దేశమునకు. 1989 నుండి దాని పేరు మియన్మా. రంగూను పేరు యాంగోను. కాని మా తునిలో వృద్ధులకు ఈ రెండు పేర్లును పట్టవు. వారికి అది రంగము. "రంగము పోయినాడు" అంటే ఒకప్పుడు మా ప్రాంతములో మూడర్థములుండెడివి: డబ్బు సంపాదించుటకు పోయినాడని, అప్పులవారికి కనపడకుండ పోయినాడని, ఇంక రాడని. ఏది సరియైన అర్థమో చెప్పువాని ముఖమును బట్టి గ్రహింపవలసి యుండెను.

కాకినాడ, విశాఖపట్నము రేవులలో పొగఓడ ఎక్కి బంగాళాఖాతము దాటి, వేలకొలది తెలుగువారు ఆ ఊరికి పోయినారు. రేవులో బస్తాలు మోసినారు, బియ్యపు మిల్లులలో పనిచేసినారు, మనుష్యులను కూర్చుండబెట్టి రిక్షాలు లాగినారు. కాకినాడ చెంతనున్న కోరంగి రేవు పేరనే బర్మావారు మనవారిని కోరంగీలని పిలిచినారు. 1931 జనాభా లెక్కలనాటికి రంగూనులో నాలుగు లక్షల జనముండగా, అందు సగమునకు మించి భారతీయులే.

ఆ పోయినవారిలో మా తాతగారి అన్నగారొకరు. ఆయన ఒక్కసారి ఇంటికి వచ్చి, వెదురుతో అల్లి ఎర్రని పూత పూసిన సున్నపు బరిణె యొకటి మా నాయనమ్మ చేతిలో పెట్టి, తిరిగి ఓడ ఎక్కినారట. 1941 దసరాకు ఉత్తరము వచ్చినది. ఆ యేడు డిసెంబరు 23వ తేదీన జపానువారు రంగూనుపై బాంబులు వేసినారు. తరువాత ఉత్తరము లేదు. బరిణె మాత్రము మా యింట నేటికిని ఉన్నది. మా నాయనమ్మ దానిలో సున్నము తీసినప్పుడెల్ల, "ఈపాటికి వచ్చెయ్యాలి గదా" అనెడిది. ఆమె పోయి చాల ఏండ్లయినది. ఆ మాట మాత్రము మా చెవులలో మిగిలిపోయినది.

2016 జనవరిలో ప్రయాణము కుదిరినది. తోడు మా బావగారు. వారిది తమలపాకుల వ్యాపారము. తుని మామిడికిని తమలపాకుకును పేరుపడిన ఊరని శ్రోతలకు వేరుగా చెప్పనక్కరలేదు. చెప్పవలసినచో బావగారు చెప్పుదురు, అడగకుండగనే. "బర్మావాళ్లు కూడా ఆకు నములుతారట. వాళ్ల ఆకు ఏపాటిదో చూసి రావాలి" అని వారు పోల్చి చూపుటకై వంద తుని ఆకులు తడిగుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టుకొన్నారు. కలకత్తా చేరునప్పటికి, విమానాశ్రయములో ఆకులు దాటనీయరేమోనని వారికి భయము పట్టుకొన్నది. పారవేయుటకు మనసొప్పలేదు. మేమిద్దరమును కలిసి కొన్ని నమిలి, మిగిలినవి హోటలు నౌకర్లకు పంచిపెట్టినాము. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాము. చివర దీనితో పనియున్నది.

తుని నుండి హౌరాకు రైలులో ఒక రాత్రియు దానిపై కొన్ని గంటలును పట్టినవి. కలకత్తా నుండి రంగమునకు విమానములో రెండు గంటలైనను పట్టలేదు. దూరము రైలు పెట్టెలో ఉన్నది గాని భూమిమీద లేదని అర్థమైనది. అక్కడి గడియారము మనదానికంటె ఒక గంట ముందున్నది. బావగారు తమ గడియారమును త్రిప్పలేదు. "పది రోజులేగా, మనసులో కలుపుకుంటా" అన్నారు. ఆ పది దినములును వారు ఫలహారమునకు ఆలస్యముగా వచ్చినారు.

మొదటి పాఠము డబ్బు మార్చుకొనుచోట నేర్చినాము. మా డాలరు నోట్లు మడిచి యున్నవని అక్కడి అమ్మాయి తిరిగి ఇచ్చివేసినది. మడత పడిన డాలరు ఆ దినములలో అక్కడ చెల్లెడిది కాదు, ఇస్త్రీ చేసినట్లుండవలెను. రొంటిలో నోటు దోపుకొను జాతికి ఇది ఎంత కష్టమో ఊహింపుడు. వారి నాణెము పేరు చాట్. దాని చరిత్ర ఇంకను వింత. 1987లో అక్కడి పాలకుడు నెవిన్ కొన్ని పెద్దనోట్లను ఒక్కసారిగా రద్దు చేసి, వాటి స్థానమున 45, 90 చాట్ల నోట్లు వేయించినాడు. ఎందుకనగా అవి తొమ్మిదితో భాగింపబడును. తొమ్మిది ఆయనకు అచ్చివచ్చిన అంకె. ఇది విని మేము కడుపుబ్బ నవ్వినాము. ఆ సంవత్సరమే నవంబరులో మన ఊరి బ్యాంకు ముందర వరుసలో నిలుచుండి, అంతగా నవ్వియుండవలసినది కాదని అనుకొన్నాము.

మన పంచాంగముపై మనకే ఎక్కువ భక్తియని కొందరి నమ్మకము. బర్మావారు 1948 జనవరి 4వ తేదీన తెల్లవారుజామున 4 గంటల 20 నిముషములకు స్వాతంత్ర్యము పుచ్చుకొన్నారు. జ్యోతిష్కులు పెట్టిన ముహూర్తమది. మన పెండ్లిండ్లు కూడ ఆ వేళకే జరుగును గనుక, ఈ సంగతిలో వారిని ఆక్షేపించు హక్కు మనకు లేదు.

బసలో పేర్లు వ్రాయించవలసి వచ్చినది. బర్మావారికి ఇంటిపేరులు లేవు. తండ్రి పేరుకును కొడుకు పేరుకును సంబంధముండనక్కరలేదు. పేరుకు ముందు వయస్సును, గౌరవమును బట్టి ఒక మాట చేర్చెదరు. పెద్దవానికి ఊ, పెద్దామెకు డో, అన్నవంటివానికి కో, అక్కవంటిదానికి మ. ఐక్యరాజ్యసమితికి 1961 నుండి 1971 వరకు ప్రధాన కార్యదర్శిగా ఉన్న ఊ థాంట్ గారి పేరులో మొదటి అక్షరము పేరు కాదు. అది మన "గారు" వంటిది. మా బావగారు మన పద్ధతిని ఇంటిపేరు ముందు వ్రాసినారు. అంతే! ఆ పది దినములును వారు అసలు పేరు పోగొట్టుకొని, ఇంటిపేరుకు ముందు "ఊ" తగిలించుకొని తిరిగినారు. మనదేశములో కథ వినువాడు ఊ కొట్టును. అక్కడ గౌరవనీయుడే ఊ.

బర్మాలో పురుషులును స్త్రీలును లుంగీయే కట్టెదరు. పురుషులు ముందువైపు ముడివేసెదరు, స్త్రీలు ప్రక్కకు మడిచి దోపెదరు. ఉద్యోగులు, ఉపాధ్యాయులు, బ్యాంకివారు అందరును ఆ వేషములోనే పనికి పోవుచుండగా చూచి మాకు ప్రాణము లేచివచ్చినది. మేమును చెరియొకటి కొని కట్టినాము. ఇంటివద్ద లుంగీ కట్టుట వేరు, అది కట్టుకొని పరదేశములో రోడ్డు దాటుట వేరు. నడివీధిలో మా ముడి వదలినది. ప్రక్కనున్న పెద్దమనిషి యొకడు నవ్వలేదు. తన ముడి విప్పి, తిరిగి ఎట్లు బిగింపవలెనో నెమ్మదిగా చేసి చూపినాడు. మేము చూచి నేర్చుకొనువరకు రెండుసార్లు చేసినాడు.

స్త్రీలు, పిల్లలు చెక్కిళ్లకు పసుపుపచ్చని పూత పూసికొందురు. దాని పేరు తనఖా. పేరు విని బావగారు ఉలిక్కిపడినారు. తాకట్టు వ్యవహారముగా తోచినది గాబోలు! అది ఒక చెట్టు బెరడు. గుండ్రని సానమీద నీరు చల్లి అరగదీసెదరు. మన యింట గంధము తీయు సానకును దానికిని మాకు భేదము కనపడలేదు. మనము అతిథికి పూయుదుము, వారు తమకే పూసికొందురు.

అక్కడ బండ్లు వీధికి కుడివైపున నడచును. 1970 వరకు ఎడమవైపున నడచినవి. ఆ యేడు మార్చినారు. అయితే జపాను నుండి వచ్చిన పాత కార్లలో స్టీరింగు కుడివైపుననే ఉన్నది. కావున ముందుబండిని దాటవలసినప్పుడు డ్రైవరుకు ఎదుటివాడు కనపడడు. ప్రక్కన కూర్చున్నవాడు చూచి చెప్పవలెను. ఆ పదవి మాకు ఒకసారి దక్కినది. భాష రాదు గనుక కేకలు వేసినాము. ఏ భాషలోనైనను కేక ఒకటే.

అంతకంటె సుఖమైనది సైకా. అది ప్రక్కబండి తగిలించిన సైకిలు. ఇద్దరు వీపులు ఆనించుకొని కూర్చుండవలెను. ఒకరు పోవుచున్న దిక్కును, ఇంకొకరు వదలి వచ్చిన దిక్కును చూచెదరు. మేము ముందువైపు కూర్చుంటిమి. బావగారు వెనుకవైపు. ఒకే వీధిని గూర్చి రాత్రి మేము చెప్పుకొన్న మాటలు రెండు ఊళ్ల వర్ణనలవలె ఉన్నవి.

ఆ దేశపు ప్రాణము టీ దుకాణములలో ఉన్నది. వీధి ప్రక్కన చిన్నపిల్లల పీటలవంటి కుర్చీలు, ప్రతి బల్లమీదను ఒక ఫ్లాస్కు. దానిలో పాలు లేని టీ. ఎంత త్రాగినను డబ్బు లేదు. పాలటీకి మాత్రమే వెల. పిల్లవానిని పిలువవలెనన్న "ఏయ్" అనరు. పెదవులు ముడిచి ముద్దు పెట్టిన చప్పుడు చేసెదరు. మీసములు నెరసిన పెద్దమనుష్యులు నలువైపుల నుండి ఆ చప్పుడు చేయుచుండగా మొదటి దినమున మేము తల యెత్తలేకపోయినాము. మూడవ దినమున బావగారు ఆ విద్యలో ఆరితేరినారు. తునికి వచ్చినతరువాత మరపున స్టేషను ముందరి కాఫీ హోటలులో ఒకసారి ప్రయోగించినారు. ఆ కథ వారి అనుమతి లేనిదే చెప్పరాదు.

అంగడికి పోయినాము. అక్కడ కూర, చేప తూచునది కిలోలతో కాదు, వీసెతో. వారి మాట పెయిత్తా. ఇంగ్లీషువారు దానిని విస్ అని వ్రాసినారు. ఆ విస్ మన వీసెకు, తమిళుల వీసైకి చుట్టమే. మన వీసె 120 తులములు, కిలోకు నాలుగువందల గ్రాములు ఎక్కువ. 1960 ప్రాంతమున కిలో వచ్చి దానిని తరిమివేసినది. బర్మా వీసె కిలోకు ఆరువందల గ్రాములకు పైగా ఎక్కువ తూగును. చిన్ననాడు పోగొట్టుకొన్న వస్తువు పెరిగి పెద్దదై కనపడినట్లు మాకు సంతోషము కలిగినది. బావగారు మాత్రము, "ఆకులు కట్టలలెక్క కాబట్టి బ్రతికాము" అన్నారు.

ష్వేడగోన్ గోపురమును చూచుటకు చెప్పులు మెట్లక్రిందనే విడిచి పోవలెను. బంగారు రేకులు తాపిన ఆ గోపురము సుమారు 99 మీటర్ల ఎత్తున్నది. చుట్టును ఎనిమిది వారముల మూలలున్నవి. వారములు ఏడే గదా యనవచ్చును. బుధవారమును వారు ఉదయము, సాయంత్రము అని రెండు చేసినారు, సాయంత్రము రాహువుది. ఎవరు పుట్టిన వారపు మూలలో వారు బొమ్మకు నీరు పోయవలెను. ప్రతి వారమునకు ఒక జంతువు. సోమవారమునకు పులి, మంగళవారమునకు సింహము. బావగారికి తాము పుట్టిన తిథి తెలియును గాని వారము తెలియదు. తునికి ఫోను చేసి అత్తగారిని అడిగినారు. శుక్రవారమని తేలినది. శుక్రవారపు జంతువు గినీపంది. చెవులు చిన్నవి, తోక లేదు. బావగారు దానికి నీరు పోసినారు గాని మనసార పోయలేదు.

నవ్వులు అటుంచి రెండు సంగతులు చెప్పవలసి యున్నవి. ఆ ఊళ్లలో ఇండ్లముందర, చెట్లక్రింద, చిన్న పందిరివేసి నీటికుండలు పెట్టెదరు. ప్రక్కన ఒక లోటా. దారిన పోవువారు ఎవరైనను త్రాగవచ్చును. మన చలివేంద్రములు ఎండకాలముతో పోవును. వారివి ఏడాది పొడుగునను ఉండును. రెండవది, వారి పలకరింపు. ఎదురైనవాడు "అన్నము తిన్నావా" అని అడుగును. మన ఊరిలోను అంతేగదా! ప్రపంచములో ఎన్నియో జాతులవారు ఎదుటివాని ఆరోగ్యమునో, వాతావరణమునో విచారింపగా, కడుపును విచారించు జాతులు కొన్ని యున్నవి. అందు మనము ఇరుగుపొరుగులము.

ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు టీ దుకాణములో పరిచయమై మమ్ము ఇంటికి పిలిచినది. ఊరవేసిన టీ ఆకులలో వేయించిన పప్పులు, వెల్లుల్లి, నువ్వులు కలిపి పెట్టినది. దానిని లఫె అందురు. రుచిగనే ఉన్నది. పళ్లెము కాళీ చేసినాము, మరల నింపినది. కాదనుట మర్యాద కాదని తిన్నాము, మరల నింపినది. నాలుగవసారి మా ముఖములు చూచి ఆమెయే నవ్వివేసినది. ఆ యింటి ఆచారమున కాళీ పళ్లెము చూచి ఊరకుండరాదు. మా యింటి ఆచారమున పెట్టినది వదలరాదు. ఇరువురమును ఒకరికొరకు ఒకరము కష్టపడుచున్నాము. దీనికి తమ భాషలో ఆనాదే అని పేరున్నదనియు, ఇంగ్లీషులో ఆ మాట లేదనియు ఆమె చెప్పినది. ఎదుటివానికి ఇబ్బంది కలుగునేమోయని తాను ఇబ్బంది పడుట అట! మా భాషలో మొహమాటమని ఒకటున్నదని చెప్పినాము. ఆమె ఆ మాటను రెండుసార్లు పలికి చూచి, ఒక కాగితముమీద వ్రాసికొన్నది.

ఇక ఆకు సంగతి. ప్రతి మలుపునను కిళ్లీ దుకాణమున్నది. వీధులన్నియు ఎర్రబడి యున్నవి. బావగారు ఆకును వెలుతురుకు పట్టి చూచినారు, ఈనె విరిచినారు, వాసన చూచినారు. దుకాణదారు తన భాషలో ఏదో అడిగినాడు. వ్యాపారస్థుడు తెలియదనరాదు గనుక వీరు అన్నిటికిని తల ఊపినారు. అతడడిగినది పొగాకు ఎంత వేయుమందువని. నమిలిన రెండు నిముషములకు బావగారు ఒక ఇంటి అరుగుమీద కూర్చుండి, తల పట్టుకొని, "ముదురాకు" అన్నారు. తప్పు ఆకుదేనట.

ఆ మాట విని, ప్రక్కన పెనముపెట్టి అట్లు పోయుచున్న ఒక ముసలమ్మ తిరిగి చూచినది. అట్టును అక్కడ తోషే అంటారు. బుగ్గలకు తనఖా, ఒంటికి లుంగీ, చూచుటకు బర్మా స్త్రీయే. "ఏ ఊరు బాబూ మీది?" అన్నది.

మా తెలుగు మాకే ఆ వీధిలో కొత్తగా వినపడినది. తుని యన్నాము. "తునంటే ఆకుల ఊరు గదా! మా అయ్య అనీవోడు, ఆకంటే తుని ఆకేనని" అన్నది. ఆమెకు ఎనుబది యేండ్లుండవచ్చును. పుట్టినది అక్కడనే. తండ్రి రేవులో కూలి. మన దేశము ఆమె చూడలేదు. 1942లో జనమంతయు అరకాను కొండలమీదుగను, అస్సాము అడవులమీదుగను కాలినడకను పారిపోవుచుండగా, తల్లి నిండు చూలాలని వారు కదలలేదట. ఆ నడకలో బయలుదేరినవారు నాలుగైదు లక్షలమంది. దారిలో రాలిపోయినవారు వేలకొలది. నెవిన్ సైన్యముతో వచ్చి దుకాణములను స్వాధీనము చేసికొన్నతరువాత, 1964 నుండి మరల ఓడలు కదలినవి. విశాఖపట్నములో కంచరపాలెము వద్ద బర్మా క్యాంపు వెలసినది అప్పుడే. మూడు లక్షలమంది భారతీయులు ఆ దేశము విడిచినారు. ఆమె విడువలేదు. ఎందుకని అడిగినాము.

"ఓడలో సోటుంది బాబూ. ఎక్కొచ్చు. దిగినాక ఏ గుమ్మం ముందర నిలబడతాం? మా అయ్య ఊరి పేరు సెప్పేవోడు గానీ, ఆ ఊళ్లో ఎవులింటికెళ్లాలో సెప్పలేదు" అన్నది. అట్టు తిరగవేసినది.

మేము మా పెదతాతగారి పేరు ఆమెకు చెప్పలేదు. చెప్పవలెననియే బయలుదేరి వచ్చినాము. ప్రతి తెలుగు ముఖమునకు ఆ పేరు చెప్పవలెనని తునిలో అనుకొన్నాము. కాని అప్పుడు మాకు తోచినది వేరు. మా యింటివారు డెబ్బదియైదేండ్లుగా అడిగిన ప్రశ్న, ఆయన ఎందుకు రాలేదని. వచ్చియున్నచో ఏ గుమ్మము ముందర నిలువవలెనో ఆయనకు తెలియును, మా గుమ్మమే. తెలిసి రానివారుండరు. ఆయన రాలేకపోయినారు, అంతే. ఇన్నాళ్లును మా యింట ఎవరును ఆ మాట పైకి అనలేదు. ఈ ముసలమ్మకు గుమ్మము లేదు, మాకు ఉత్తరము లేదు.

అట్లకు ఆమె డబ్బు పుచ్చుకొనలేదు. మేము ఇచ్చుట మానలేదు. ఆనాదేయో మొహమాటమో కొంతసేపు నడచినది. చివర, "డబ్బులెందుకు బాబూ, ఆకుంటే ఒకటి ఇయ్యి, సూత్తాను" అన్నది. బావగారు సంచి వెదకినారు, జేబులు తడిమినారు. వంద ఆకులును కలకత్తాలోనే అయిపోయినవి గదా! అంత వ్యాపారము చేయు మనిషి, ఒక్క ఆకు ఇయ్యలేక అక్కడ నిలుచుండుట చూచినాము. తిరుగు ప్రయాణములో విమానము దిగువరకు వారు మాట్లాడలేదు.

మరుసటి యేడు ఆకులు పట్టుకొని పోవలెనని ఇద్దరమును అనుకొన్నాము. సంసారములలో పడి పోలేదు. 2021 ఫిబ్రవరిలో అక్కడ సైన్యము మరల అధికారము చేజిక్కించుకొన్నది. దేశము పోరాటములలో పడినది. 2025 మార్చిలో పెద్ద భూకంపము వచ్చినది. ఆ ముసలమ్మ ఎట్లున్నదో, ఆ పెనము వెలుగుచున్నదో లేదో.

ఆ సున్నపు బరిణె మా యింట దేవుని అల్మారలో ఉన్నది. అటువంటివే అక్కడి అంగడిలో వరుసగా పేర్చి యుండగా చూచినాము గాని కొనలేదు. బావగారు ఇప్పుడు ఎక్కడికి ప్రయాణమైనను, పొరుగూరైన పాయకరావుపేటకైనను సరే, తడిగుడ్డలో నాలుగు ఆకులు చుట్టి వేరుగా దాచుచున్నారు. ఎందుకని ఎవరైన అడిగినచో, ఎవరికైన కావలసి రావచ్చునని చెప్పుచున్నారు.